వేపాకు ముద్ర పక్కన చుక్క

మా ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా కత్తులున్నాయి. ఈ మాట మా వైపు చెబితే ఎదుటివాళ్ళు ముందు నా ముఖం చూస్తారు, ఆ తర్వాత మాది ఏ ఊరని అడుగుతారు. అందుకే ముందే చెబుతున్నాను: ఆ పెట్టెలో మనిషి మీదికి ఎత్తడానికి చేసినది ఒక్కటీ లేదు. ఎంత పనితనం ఉన్నా వేటకొడవలి నేను కొనలేదు, ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. అన్నీ పనికత్తులే. మేకల కాపరి దోటికి కట్టే కొక్కెం కత్తి, టెంకాయ బొండాలు కొట్టే మచ్చుకత్తి, కల్లు గీసే కత్తి, అడకత్తెర. కడప వైపు తమలపాకు తోటల్లో ఆకు కోసేవాళ్ళు బొటనవేలికి తొడుక్కునే చిన్న ఇనుప గోరు కూడా ఉంది. దాన్ని చూసినవాళ్ళెవరూ మొదట కత్తి అనుకోరు.

మొదటిది నేను కొన్నది కాదు. మా తాత తోలు పని చేసేవాడు. ఆయన తోలు కోసిన కత్తి మా నాయనకు, నాయన నుంచి నాకు వచ్చింది. సాన పట్టీ పట్టీ అరచేతి వెడల్పు కత్తి రెండు వేళ్ళ వెడల్పుకు అరిగిపోయింది. తాత బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆ పని మానలేదు. శనివారం సాయంత్రం మాత్రం కత్తిని గుడ్డలో చుట్టి చూరులో దోపేవాడట, సోమవారం దాకా ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదట. ఆ కత్తి పిడి మీద ఆయన బొటనవేలు ఆనిన చోట ఒక గుంట ఉంది. నా వేలు అందులో సరిగ్గా పట్టదు. చేసినవాడెవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అది తెలియకపోవడమే నన్ను ఈ పనిలోకి దింపిందనుకుంటాను.

నాది బస్సు కండక్టరు ఉద్యోగం. ఇల్లు కర్నూల్లో. కోడుమూరు, ఆత్మకూరు, కొన్నేళ్ళు కడప, ఇలా డ్యూటీలు పడుతూ వచ్చాయి. దారి చివర బస్సు నిలబడే సమయంలో డ్రైవర్లు టీ తాగుతారు, కునుకు తీస్తారు. నేను కొలిమి ఎక్కడుందో వెతుక్కుంటూ పోతాను. మా సంఘంలో నేను పెద్దను. పాస్టరు గారు పల్లెల సంఘాలకు పోయినప్పుడు ఆదివారం వాక్యం చెప్పేది నేనే. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి పెట్టె చూసి, "ఏందప్పా, ఖడ్గాలను సాగగొట్టి నాగలి చేయమంటే నువ్వు ఇంట్లో దాచి పెడతాండావే" అన్నారు. "ఇవి సాగగొట్టినంక మిగిలినవి అయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వి, బొండాల కత్తి చేతికి తీసుకొని చాలాసేపు పిడి తిప్పి చూశారు. పోయేటప్పుడు వాళ్ళ వంటింటికి ఒకటి చెప్పి చేయించమన్నారు.

మంచి చేయి పడిన కత్తిని గుర్తుపట్టాలంటే నేను అంచు చూడను. ఏ కత్తికైనా సానరాయి మీద ఆ పూటకు అంచు తేవచ్చు. నేను వెన్ను చూస్తాను. కత్తి వెన్ను మీద సుత్తి దెబ్బలు దాగవు. తొందరపడిన చేయి, అలిసిన చేయి, ఒక పక్కకే ఒరిగే చేయి, అన్నీ అక్కడ కనబడతాయి. తర్వాత ఇనుము పిడిలోకి దిగే చోటు చూస్తాను. కొనేవాడికి కనబడని ఆ చోట కూడా శుభ్రంగా పని చేసి ఉంటే ఆ మనిషి కోసం మళ్ళీ ఆ ఊరు పోతాను. కోడుమూరులో ఒకాయన కత్తులు అద్దంలా మెరిసేవి, పిడి ఊడదీస్తే లోపల తోక వంకరగా, పగులుతో ఉండేది. రెండోసారి పోలేదు.

బైబిల్లో, అరణ్యంలో తన ఆరాధన గుడారం చేయించేటప్పుడు దేవుడు పనివాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. ఆత్మతో నింపానని వాక్యంలో మొదట చెప్పింది లోహం కొట్టే, చెక్క చెక్కే ఒక పనివాడి గురించే. ఈ సంగతి నేను ఎన్ని సంఘాల్లో చెప్పానో. కొలిమి దగ్గర నిలబడిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

ఆత్మకూరులో ఒక ముసలి ఆచారి ఉన్నాడు. కర్నూలు దాకా మటన్ కొట్లవాళ్ళు ఆయన కత్తులే వాడతారు. లారీ కమాను పట్టీ తెచ్చి, కాల్చి, సాగగొట్టి చేస్తాడు. పిడి దగ్గర వేపాకు ముద్ర కొడతాడు. అది వాళ్ళ నాయన ముద్ర, అంతకు ముందు ఆయన నాయనది. కత్తిని చేతికి ఇవ్వడు, నేల మీద పెడతాడు, మనం తీసుకోవాలి. చేతి నుంచి చేతికి ఇస్తే ఇద్దరికీ పగ వస్తుందని వాళ్ళ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ ఆయన కొలిమిలో ఆయన పద్ధతే అని వంగి తీసుకుంటాను. దసరాకు పనిముట్లకు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. ఆ వారం నేను పోను. ఎందుకు పోనో వాళ్ళకు తెలుసు. "మీ ఆయన కోపం చేస్కుంటాడని రాలేదు" అని పైకి చెయ్యి చూపించి ముసలాయన ఎగతాళి చేస్తాడు.

ఆయన కొడుకు కొలిమి వదిలేసి తుమ్మలపల్లె గని వైపు మిషన్ తోలడానికి పోయాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది ముసలాయన, కోడలు. కోడలికి ముప్పై దాటి ఉంటాయి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి సమ్మెట కొట్టేది ఆమే. కమ్మరి ఇళ్ళలో ఆడవాళ్ళు సమ్మెట కొట్టడం కొత్త కాదు. మామ దాగలి దిమ్మె ముందు కూర్చొని పటకారుతో ఇనుము పట్టుకుంటాడు, చిన్న సుత్తితో ఎక్కడ పడాలో తట్టి చూపిస్తాడు, ఆమె నిలబడి అక్కడ సమ్మెట వేస్తుంది. కూర్చునేది మేస్త్రీ, నిలబడేది పనిమనిషి. కొలిమిలో లెక్క అది.

ఒకసారి అక్కడ కొన్న కూరల కత్తిని ఇంట్లో పాతవాటి పక్కన పెట్టి చూస్తే తేడా కనబడింది. ముసలాయనకు సుత్తి కొంచెం ఎడమకు ఒరుగుతుంది, ఆయన కత్తులన్నిటికీ వెన్ను మీద ఆ ఒరుగు ఉంటుంది. కొత్తదానికి లేదు. పైగా చూపుడు వేలు ఆనే చోట వెన్నును గుండ్రంగా అరగదీసి ఉంది. ముద్ర మాత్రం వేపాకే. ఆ తర్వాత తెచ్చినవన్నీ అలాగే ఉన్నాయి, ఒకదాని కంటే ఒకటి బాగా ఉన్నాయి. ఇది ఆ చేయి కాదని నాకు తెలిసిపోయింది.

మరోసారి బస్సు ముందుగా చేరింది. నేను కొలిమికి పోయేసరికి దాగలి ముందు కోడలు కూర్చొని ఉంది. ముసలాయన గాలి చక్రం తిప్పుతున్నాడు. నన్ను చూడగానే ఇద్దరూ లేచి చోట్లు మార్చుకున్నారు.

"మామకు కండ్లు సరిగా అగుపడవు సార్. ఊరికే పట్టుకున్యా" అంది ఆమె.

"ఊరికే పట్టుకుంటే ఇంత మంచి వెన్ను రాదమ్మా" అన్నాను.

ముసలాయన చేతులు చాపి చూపించాడు. వణుకుతున్నాయి. "చూసినావు గదా. ఇంగ నోరు మూసుకొని పో. మటన్ కొట్లోళ్ళకు తెలిస్తే ఒక్కడు కొనడు. ఆడదాని చేతి కత్తి అంటారు. కొలిమి ఆరిపోతే ఇది మిరపకాయలు కోయను పోవాల, నేను యాడన్నా వాచ్‌మెన్‌గా కూచోవాల."

నేను ఎవరికీ చెప్పనన్నాను. ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. అది చెప్పడం కింద మా ఇద్దరికీ లెక్క లేదు. ఆ కోడలి కోసం ప్రార్థన చేద్దామన్నాను, చేశాం.

నా భార్య మాత్రం అక్కడితో ఆగలేదు. మా సంఘంలో స్త్రీల మైత్రి అనే ఆడవాళ్ళ కూటమికి ఫోన్లో ఒక ప్రార్థన గ్రూపు ఉంది. ఉదయం ఎవరికి భారం కలిగితే వాళ్ళు గొంతుతో ప్రార్థన రికార్డు చేసి పెడతారు, మిగతావాళ్ళు ఆమేన్ అంటారు. భారం మనసులో పెట్టుకోకూడదు, సంఘం ముందు పెట్టాలి అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాళ్ళం. ఈ భారాన్ని అట్లాగే పెట్టింది. ఆ గ్రూపులో ఒకామె తమ్ముడు ఆత్మకూరు మటన్ కొట్లలో మేకతోళ్ళు కొనే వ్యాపారి. ఆ అక్క తమ్ముడికి పంపింది, నీకు తెలిసిన కొలిమేనా అని. తమ్ముడు తోళ్ళు తీసుకునే కొట్టు యజమానికి వినిపించాడు.

బక్రీదుకు ముందు నెలలో ఒక మధ్యాహ్నం నేను కొలిమికి పోతే, ఆ కొట్టు యజమాని అప్పటికే అక్కడ మంచం మీద కూర్చొని ఉన్నాడు. ముసలాయన దగ్గర అందరికంటే ఎక్కువ కత్తులు చేయించుకునే మనిషి ఆయన. బక్రీదుకు తన అన్నదమ్ములకు, కర్నూల్లో బంధువులకు కూడా ఆయనే చెప్పి చేయిస్తాడు. ఆ నెల పనితోనే ఈ ఇంటికి వానాకాలం గడుస్తుంది. ఆయన చేతిలో ఫోన్ ఉంది. అందులోంచి నా భార్య గొంతు వస్తోంది.

"ప్రభువా, ఆత్మకూరులో ఆ కోడలి చేతులను జ్ఞాపకం చేసుకో తండ్రీ. మామ ముద్ర కింద దాగిపోయిన ఆ చేతులు చేసిన కత్తులను ఊరంతా వాడుకుంటూ ఉంది తండ్రీ. ఆయన చేతుల వణుకు నీకు తెలుసు నాయనా..."

గుమ్మంలో అట్లాగే నిలబడిపోయాను. ముసలాయన నన్ను చూశాడు.

"ఏమప్పా, నా చేతులు వణికేది మీ దేవునికి చెప్పాలంటే ఫోన్‌లోనే చెప్పాల్నా?"

"అరే ఆచారీ, ఆయమ్మ దువా చేస్తాండాది, నిన్ను తిట్టలేదు గదా" అన్నాడు కొట్టు యజమాని. ఫోన్ జేబులో పెట్టి, గుడ్డ చుట్ట విప్పి రెండు కత్తులు నేల మీద పరిచాడు. రెండింటికీ వేపాకు ముద్రే. "ఇది నీది. ఇది నీది కాదు. నాకు పోయిన బక్రీదుకే తెల్సు. నీ కత్తి పడితే సాయంత్రానికి వేలు నొస్తాది. దీనితో నొయ్యదు. పొద్దంతా పట్టుకునేటోనికి తెలీదా?"

"తెలిస్తే అప్పుడే ఎందుకు అడగలా భాయీ?"

"నువ్వు చెప్తావని చూస్తాంటి. నువ్వు చెప్పలా. ఈ ఫోన్ చెప్పింది." ఆయన రెండో కత్తి అంచు మీద బొటనవేలి గోరును మెల్లగా నడిపించాడు. ఎక్కడా తగల్లేదు. "కత్తి అంచుకు పన్ను లేస్తే జంతువుకు నొప్పి. ఆ పాపం కోసేటోని మీద. అట్లాంటప్పుడు చేసిన చేయి ఎవరిదో నాకు తెలియాల గదా. ముద్ర నీది, చేయి ఆమెది. రేపు ఏదన్నా అయితే ఎవరిని అడగాల? ఆమె చేతిది అని ముద్రలో అగుపడితే కొంటా. నీ ముద్ర ఒక్కటే ఉంటే ఈ తూరి ఒక్క కత్తి గూడ వద్దు."

"ఆడదానికి ముద్ర పెట్టే ఆచారం మాకు లేదు."

"అయితే నీ ఇష్టం." ఆయన కత్తులు చుట్టుకొని లేచాడు. పోతూ కోడలితో, "నీ పనికి వంక పెట్టడం లేదు బేటీ" అన్నాడు.

ఆయన పోయాక ముసలాయన గాలి చక్రం పిడి ఊడదీసి గోడకు ఆనించాడు. "ఇంగ చాలు. మూసేస్తా."

"మూయొద్దు మామా" అంది కోడలు. "నాకు ముద్ర వద్దు. ఏ ముద్రా లేకుండా ఇద్దాం."

"ముద్ర లేని కత్తి అంటే దొంగిలించిన ఇనుము. నా కొలిమి నుంచి అట్లాంటిది పోదు."

నేను మాట్లాడబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. బస్సు టైమ్ కూడా అయింది. ఇంటికి వచ్చి జరిగింది చెబితే నా భార్య మొదట ఒప్పుకోలేదు. "ప్రార్థన విన్నపం పెట్టినా గానీ చాడీ చెప్పినానా?" అంది. ఆ రోజు నుంచి మా ఇంటి కుటుంబ ప్రార్థనలో రోజూ ఆ కొలిమి ఉంది. గొంతుతో ఎవరికీ పంపలేదు.

నా పెట్టెలో ఆ కొలిమిదే ఒక పాత కత్తి ఉంది. చాలా ఏళ్ళ కిందట సంతలో పాత ఇనుము అమ్మే ఆయన దగ్గర దొరికింది. దాని మీద వేపాకు ముద్ర, పక్కనే ఒక చుక్క. ఆ చుక్క సంగతి అప్పట్లోనే ముసలాయన నాకు చెప్పాడు. వాళ్ళ ఇంట్లో కొడుకు దాగలి ముందు కూర్చున్న రోజు నుంచి, కొడుకు చేసిన కత్తికి తండ్రి ముద్ర కొట్టి పక్కన చుక్క పెడతారు. చేయి ఎవరిదో తెలియడానికి. తండ్రి పోయాక చుక్క తీసేస్తారు, వేపాకు కొడుకుది అవుతుంది. నా దగ్గరున్నది ముసలాయన పడుచుతనంలో చేసినది.

తర్వాత ఆత్మకూరు డ్యూటీ పడినప్పుడు ఆ కత్తి తీసుకుపోయి దాగలి మీద పెట్టాను. గాలి చక్రానికి పిడి మళ్ళీ బిగించి ఉంది. ముసలాయన కత్తిని కంటికి దగ్గరగా పెట్టుకొని చుక్కను వేలితో తడిమాడు.

"నాదే. మా నాయన కొట్టినాడు ఈ చుక్క."

"మరి ఆమెకూ ఇట్లాగే కొట్టొచ్చు గదా" అన్నాను.

"ఇది కొడుక్కు. నా కొడుకు ఈ చుక్క కొట్టించుకోకుండానే మిషన్ తోలను పోయినాడు. కోడలు కొడుకెట్లా అవుతుందప్పా?"

నాకు తెలిసినదే చెప్పాను. అరణ్యంలో గుడారం, పేరు పెట్టి పిలిచిన పనివాడు, దేవుడే ఇచ్చిన నేర్పు. ముసలాయన శ్రద్ధగా విన్నాడు.

"ఆ ఇసుకలో కొలిమి యాడ పెట్టినారు?"

"అది రాసి లేదు."

"ఆడోళ్ళు సమ్మెట కొట్టినారా?"

"నూలు వడికినారు."

"అట్లయితే దీన్ని గూడ నూలే వడకమను" అన్నాడు. కోడలు ముఖం పక్కకు తిప్పి నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఎన్నో సంఘాల్లో చెప్పిన మాట అది, అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు. పాత కత్తిని వెనక్కి ఇవ్వమని అడగలేదు. ఆయన దాన్ని దాగలి పక్కనే ఉంచుకున్నాడు.

ఆ మధ్య రోజుల్లో ఆమె పని ఆపలేదు. కత్తి పూర్తి చేసి, సాన పట్టి, పిడి వేయకుండా సాయంత్రం దాగలి మీద పెట్టేదట. ముద్ర కొట్టాల్సింది మామ. ఆయన కొట్టేవాడు కాదు. పొద్దున ఆమె దాన్ని తీసి గోడ వారగా పెట్టి ఇంకోటి మొదలుపెట్టేది. ఆ తర్వాతి డ్యూటీకి నేను పోయేసరికి గోడ వెంబడి ముద్ర లేని కత్తులు వరుసగా ఆనించి ఉన్నాయి. పండగ దగ్గరపడింది. ఆమెను అడిగాను, ఇవన్నీ ఏం చేస్తావని.

"ఆయన కొట్టకపోతే మళ్ళీ కాల్చి గడ్డపారలకు మొన కొడతా సార్. ఇనుము చెడిపోదు."

ముసలాయన ఆ మాట విన్నాడు. లేచి వచ్చి వరుసలో మొదటి కత్తి తీశాడు. వెన్ను మీద వేలు నడిపించాడు, చూపుడు వేలు ఆనే చోట ఆగాడు. ఇంకోటి తీశాడు. అన్నిటికీ అదే చోట, అదే గుండ్రం. కొన్నిటిని కంటి దగ్గర, కొన్నిటిని వేలితో మాత్రమే చూశాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా, "కాల్చు" అన్నాడు.

ఆమె పిడి వైపు కొస మాత్రం నిప్పులో పెట్టింది, అంచుకు తడిగుడ్డ చుట్టి. ఎర్రబడ్డాక దాగలి మీద పెట్టి పటకారుతో పట్టుకుంది. అంటే దాగలి ముందు కూర్చున్నది ఆమె, నిలబడి ఉన్నది ఆయన. ఆయన వేపాకు అచ్చు ఆనించి ఒక దెబ్బ కొట్టాడు. అచ్చు పక్కన పెట్టి, చుక్క కొట్టే సన్నటి మొన ఉన్న ఉలి తీసుకున్నాడు. చేయి వణికింది. ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుందామంటే సుత్తి ఎవరు కొట్టాలి? ఆమె సాయం రాబోతే తల అడ్డంగా ఊపాడు. కొట్టాడు.

"మామా, పక్కకు పడింది."

వేపాకు పక్కన ఉండాల్సిన చుక్క దాని కిందికి, కొంచెం వంకరగా పడింది.

"పడనీ. అది నా వణుకు." ఆయన ఉలిని నేల మీద పెట్టలేదు. ఆమె చేతిలోనే పెట్టాడు. "మిగిలినవాటికి నువ్వే కొట్టుకో."

కొట్టు యజమానికి ఫోన్ చేసింది నేనే. ఆయన ఆ సాయంత్రమే వచ్చి గోరుతో ఒక్కో అంచూ చూసుకొని తీసుకుపోయాడని తర్వాత తెలిసింది. చుక్క గురించి ఎవరన్నా అడిగితే, ఆచారి కోడలి చేయి అని చెబుతున్నాడట. కొందరు ఆ మాట విని వేరే కొలిమికి పోయారు. ఎక్కువమంది పోలేదు. ఆమె మిరప కోతకు పోలేదు.

నా భార్య ఈసారి నాతో పాటు ఆత్మకూరు బస్సెక్కి వచ్చి, సంఘంలో స్తోత్రం చెప్పొచ్చా అని ముందు కోడలిని, తర్వాత ముసలాయనను అడిగింది. "చెప్పుకో తల్లీ. చేతుల సంగతి మాత్రం వద్దు" అన్నాడాయన. ఆమె ఆదివారం సాక్ష్యంలో చేతుల సంగతి వదిలేసి చెప్పింది.

మొదట చుక్క పడిన ఆ కత్తిని నేను అడిగాను. అది నా పెట్టెలో ఉండాలని నాకు చాలా ఉండింది. కోడలు ఇవ్వలేదు. "ఇది పనికి పోవాల సార్. మీ పెట్టెలో పండుకోను కాదు నేను చేసింది" అంది. తర్వాత నాకని ఒకటి చేసి ఇచ్చింది. దాని మీద చుక్క ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. వంకర చుక్క కత్తి ఆత్మకూరులో మటన్ కొట్టులో ఉంది. డ్యూటీ పడినప్పుడు పోయి చూసి వస్తాను. సానకు ఇప్పటికే కొంచెం అరిగింది.